పీచు చక్రాల సైకిలు

వాన వెలిసిన పొద్దున పెరట్లో తడిసిన కొబ్బరి పీచు వాసన తగిలితే చాలు, నాకు రాజమ్మక్క గుర్తుకొస్తుంది. యుద్ధం రోజుల్లో వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేసిన నర్సు ఆమె. చదువు ముగించి నేను ఆమె కిందే పనికి చేరాను. పని నేర్పింది, కోప్పడింది, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది.

అప్పట్లో సైకిలు ట్యూబులు దొరికేవి కావు. అక్క టైర్లలో కొబ్బరి పీచు కూరి తొక్కేది. అబ్బో, ఆ చక్రాల బరువు చెప్పనలవి కాదు. కదిలించాలంటే ప్రాణం తోకకొచ్చేది. ఒకసారి వేగం అందుకుంటే మాత్రం ఆ ఊపే లాక్కుపోయేది.

"చిన్న చక్రాల సైకిలు చూసుకోరాదా అక్కా, తేలిగ్గా కదులుతుంది" అన్నాను.

"కదుల్తాదిలే. బండ్ల బాటలో గుంత గుంతకూ దిగబడతాది. పెద్ద చక్రమైతే దాటుకోని పోతాది. క్యారియర్ మింద మూట ఎంతైనా మోస్తాను గానీ మే, చక్రంలో బరువుండాదే, ఆగి కదిలినప్పుడల్లా అది మన ఉసురు తీస్తాది" అంది.

తగవు తెచ్చింది ఆ బరువే. మా వైపు పెద్దమనిషి అరుగు ముందు సైకిలు దిగి నడవాలి. ఒక పల్లెలో మునసబు అరుగు మీద కూర్చుని ఉండగా అక్క దిగకుండా పోయింది. వెనక క్యారియర్ మీద నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఊరి చివర ఒక పిల్లకు తొలి కాన్పు, బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది.

తల్లీబిడ్డా గండం గట్టెక్కారు. తిరుగుదారిలో అక్క అరుగు దగ్గర దిగి నమస్కారం పెట్టింది.

"పొయ్యేటప్పుడు కండ్లు కనబళ్లేదా? మర్యాద తెలీనోళ్లు మా ఊరికి రావద్దు" అన్నాడు మునసబు.

ఆయన వద్దంటే ఆ పల్లెలో ఒక్క ఇంటి తలుపూ మాకు తెరుచుకోదు. అక్క సైకిలు ఆయన చేతికిచ్చి తోసి చూడమంది. ఇసుకలో నాలుగడుగులు తోసేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది.

"దిగితే ఇది మళ్లీ ఊపందుకునే లోపల అక్కడ బిడ్డ పోతాదయ్యా. పొయ్యేటప్పుడు దిగను. వచ్చేటప్పుడు ప్రతిసారీ దిగుతాను" అంది, గొంతు పెంచకుండా.

కొన్నాళ్లకు మరో కాన్పు కోసం అదే వీధిలోకి మళ్లాం. దూరం నుంచే ఆయన లేచి నిలబడటం చూసి, మళ్లీ తగవేననుకున్నాను.

"బండి పక్కకు తియ్యండప్పా, నర్సమ్మ వస్తా ఉండాది" అని ఆయన వీధికి అడ్డంగా ఉన్న ఎద్దులబండి వాళ్లకు కేకేస్తున్నాడు.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆమె మీద ప్రేమ మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. కాన్పుకు పోయేటప్పుడు నేనూ దారిలో ఎవరికోసమూ ఆగలేదు. పొగరుబోతు అన్నవాళ్లున్నారు. అననీ. వాళ్ల ఇళ్లలోనూ బిడ్డల్ని ఈ చేతులతోనే అందుకున్నాను.