అందకుండానే అందిన మెసేజి

మా బాసుకు ఆకుపచ్చ రంగంటే పిచ్చి. అప్పట్లో, అంటే రెండువేల దశకం మధ్యలో, వేటకెళ్ళిన బోట్లవాళ్ళకు తుపాను హెచ్చరికలు ఎస్సెమ్మెస్‌లో పంపే వెబ్‌సైటు కట్టాం. కట్టింది నేను, శాలువా కప్పించుకుంది ఆయన.

ఆ సైటును మొబైలు కంపెనీలకు కలపడమే అసలు నరకం. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. వాళ్ళ మాటలు కోటలు దాటేవి, మా మెసేజిలు గాజువాక దాటేవి కావు. ఫోన్ చేస్తే టై కట్టుకున్న ఓ మహానుభావుడు "మా సైడు అంతా ఓకే సార్" అనేవాడు. ఆ ఓకేకి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, వాడికే తినిపించాలనిపించేది.

ఎలాగో కలిసింది. ప్రతి మెసేజికీ కంపెనీ నుంచి రెండు కబుర్లొచ్చేవి. తీసుకున్నాం అని ఒకటి, ఫోనుకు చేరింది అని ఇంకొకటి. నడిసముద్రంలో సిగ్నలెక్కడిది? బోటు తిరిగొస్తూ ఒడ్డునున్న యారాడ కొండ దగ్గర పడితేనే ఫోను పలికేది. అంటే తుపాను హెచ్చరిక ఇంటిముఖం పట్టాక అందేదన్నమాట. దానికే ఆ శాలువా.

కానీ రెండో కబురొస్తే మనిషి క్షేమంగా ఒడ్డుకొస్తున్నట్టే. ఈ సంగతి మా ఆఫీసు వీధిలో చేపలమ్మే జాలారిపేట ఆవిడకు ఓసారి మాటల్లో చెప్పాను. అప్పట్నుంచి ఆమె మొగుడు వేటలో ఉండగా హెచ్చరిక వెళ్ళినప్పుడల్లా గంప ఆఫీసు గుమ్మంలో దించి, "సేరిందేటి బాబూ?" అని అడిగేది.

తెరమీద చేరిన మెసేజి పచ్చ, చేరనిది ఎరుపు. ఎవరో పెద్దాఫీసరు చూడ్డానికొస్తాడని బాసు కంగారు పడ్డాడు. "ఇన్ని ఎరుపులేటయ్యా? కంపెనీ తీసుకుందంటే చేరినట్టే. అన్నీ పచ్చ చేసెయ్" అన్నాడు. నేను చెయ్యనంటే పక్క సీటువాడిచేత చేయించాడు. పైన పటారం, లోన లొటారం.

ఆ వారమే వాయుగుండం. హెచ్చరికలు పంపేసరికి ఆమె మొగుడు వేటలో ఉన్నాడు. ఆవిడ గంప లేకుండా వచ్చింది. బాసు తన గదిలో తెర చూసి, "చేరిందమ్మా, వచ్చేస్తాడు, ఇంటికెళ్ళు" అన్నాడు. ఆమె చేతులెత్తి దణ్ణం పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ పంపే అసలు కబుర్లు, వాటి పాత ఎరుపు పచ్చలతో, నా కంప్యూటర్లో ఉన్నాయి. చూసి నిజం చెప్పాను. "ఇంకా చేరలేదమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. వెళ్ళి బాసు గది గుమ్మంలో నిలబడింది.

"తెలీకపోతే తెలీదని సెప్పాల బాబూ. ఒచ్చేసినాడంటే నాను మొక్కడం ఆపేత్తాను గదా."

ఆయన నావైపు గుడ్లురిమాడు.

మర్నాడు మధ్యాహ్నం నా కంప్యూటర్లో ఆ ఎరుపు పచ్చబడింది. బండేసుకుని జాలారిపేట పరిగెత్తి ఆమెకు చెప్పాను. ఆమె హార్బరుకు బయల్దేరింది, చెప్పులైనా వేసుకోకుండా.

తిరిగొచ్చి బాసు గదిలోకి తొంగిచూశాను. ఆయన తెరమీద ఏ మార్పూ లేదు. ఆ తెర లెక్కన ఆమె మొగుడు నిన్ననే వచ్చేశాడు. బోటు మునిగిపోయినా ఆ పచ్చ అలాగే ఉండేది.