ఖతీఫ్‌లో భోజన్న పన్నెండో చెట్టు

భోజన్న నాలుక గురించి చెబితే మా మనవరాలు నమ్మదు. నమ్మనివాళ్లకు చెప్పడంలోనే నాకు సరదా. అందుకని మొదటినుంచీ చెబుతాను.

రియాద్ శివారు సులైలో, గోదాముల మధ్య, మా కఫీల్, అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని, అబూ తుర్కీకి ఒక చిన్న కార్ఖానా ఉండేది. బార్లీని మొలకెత్తించి, వేయించి, మరిగించి, పులవకముందే సీసాల్లో నింపేవాళ్లం. మత్తు సున్నా. చేదు, నురగ, చల్లదనం, అంతే. నేను అక్కడ టైపిస్టుని. కాకినాడ కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషూ, ఇరవై ఏళ్లలో దానంతటదే అంటుకున్న అరబ్బీ ఉన్నాయి కాబట్టి ఎవరికి ఎవరి మాట చేరాలన్నా నా బల్ల మీదుగానే చేరేది.

ఒకసారి కఫీల్ విదేశాలు తిరిగొచ్చి, బ్లాక్ ఐపీఏ అనే నల్లటి పానీయం చేద్దామన్నాడు. మన పద్ధతిలో, మత్తు లేకుండా. దానికి చేదూ వాసనా ఇచ్చేది హాప్స్ అనే తీగకు పూసే పచ్చటి పువ్వులు. అందరూ ఎండబెట్టినవి వాడతారట, మనం మాత్రం కోసిన రోజే వేయాలట. అందుకోసం తూర్పు తీరాన ఖతీఫ్‌లో ఏసీ పందిరి కట్టించి తీగలు కూడా పెంచేశాడు.

"యిర్మీయా, దీని పూర్తి పేరేంటి?" అని నన్ను అడిగాడు.

"ఇండియా పేల్ ఏల్ సార్. పేల్ అంటే పాలిపోయినది."

"నల్లగా ఉంటుంది కదా?"

"అవును సార్."

"ఇండియాలో అందరూ తాగుతారా?"

"ఒక్కడూ తాగగా చూడలేదు సార్."

కఫీల్ గడ్డం నిమురుకున్నాడు. "ఇన్ని తికమకలున్నాయంటే రుచి తేల్చాల్సింది ఇండియావాడే."

మర్నాడు క్యాంపులో మనవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, తాగే వస్తువుల పనిలో అనుభవం ఉన్నవాడు చెయ్యెత్తమన్నాడు. బార్లీ బస్తాలు దించే భోజన్న ఒక్కడే ఎత్తాడు. జగిత్యాల దిక్కు గీత కార్మికుడు. "మా తాత ఎక్కిండు, మా నాయిన ఎక్కిండు, నేనూ ఎక్కిన సార్. ఏ చెట్టు కల్లో మూతి దగ్గర వెడితే చెప్త" అన్నాడు. నేను దాన్ని "చెట్టు రసాల నిపుణుడు, మూడో తరం" అని అరబ్బీలోకి మార్చాను. ఎండలో బస్తాలు మోసేవాడు సాయంత్రానికల్లా తివాచీ పరిచిన ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చున్నాడేగాని మనసు ఊళ్లోనే ఉంది. వాళ్ల గీత సంఘంలో అతని వంతు పదకొండు తాటిచెట్లు. ఐదేళ్లపాటు నడుముకు మోకు కట్టి ఎక్కనివాడి వంతు ఇంకొకడికి పోతుందని సంఘం కట్టుబాటు. భోజన్న వచ్చి నాలుగేళ్ల పదకొండు నెలలైంది. నెలలోగా ఊరెళ్లకపోతే తాత చెట్లు పోయినట్టే. నేను ఆ సంగతి విన్నవిస్తే కఫీల్ ఉదారంగా చెయ్యూపాడు. "నల్ల పానీయం కుదిరిన రోజే ఛుట్టీ."

మొదటి రుచి రోజు కఫీల్ స్నేహితులు ఆరుగురు పెద్దమనుషులు వచ్చారు. భోజన్న గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ ముందు నాలుగు చుక్కలు నేలమీద సాక పోశాడు. ఊళ్లో తొలి గుక్క నేలతల్లిదే కదా. ఇక్కడ నేల అంటే కఫీల్ కొత్త తివాచీ.

"ఇదేమిటి?" అన్నాడు కఫీల్.

"నురగ పరీక్ష సార్" అన్నాను. "నిపుణులంతా ముందు ఇలాగే చేస్తారు."

అంతే, ఆరుగురూ గంభీరంగా లేచి తివాచీమీద తలా నాలుగు చుక్కలు పోసి, వంగి, ఆ మరకల్ని చూసి తలలూపారు. ఒకాయన "అద్భుతం" అని కూడా అన్నాడు.

భోజన్న ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "సార్, పువ్వు నిద్రవోయింది. కోసి రెండు దినాలయింది. పొద్దటి కల్లు మాపటికి తెచ్చి నా చేతిల వెట్టినట్టున్నది."

కఫీల్ ఖతీఫ్‌కి ఫోన్ చేసి అరిస్తే నిజం బయటపడింది. పందిట్లో పనివాళ్లు తీగను మొదలు దగ్గర నరికి కుప్పపోసి, లారీ దొరికేదాకా అలాగే వదిలేశారట.

"యల్లా, పదండి" అని కఫీల్ మా ఇద్దర్నీ బండెక్కించాడు. నాలుగు గంటల ప్రయాణం. పందిట్లో ఇరవై అడుగుల ఇనుప స్తంభాలు, వాటి నుంచి వేలాడే తాళ్లు, వాటిని చుట్టుకుని తీగలు. భోజన్న ఒకసారి పైకి చూసి, "మాగిన పువ్వు కొసకున్నది. కింది నుంచి నరుకుతరా ఎవలన్న?" అని, సంచిలోంచి మోకు తీశాడు. సౌదీ వచ్చినప్పుడు పెట్టెకు తాడుగా కట్టుకొచ్చింది అదే. మోకు స్తంభానికి వేసి, కాళ్లకు గుజి తాడు తగిలించి, గబగబా పైకెళ్లిపోయాడు. కఫీల్ నోరు తెరుచుకుని, ఆ క్షణాన్ని ఫోన్‌లో ఫొటో తీశాడు. భోజన్న బుట్టెడు పువ్వులు దించి, దారంతా ఒళ్లో పెట్టుకుని ఏసీ గాలి వాటిమీదికి తిప్పుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి పువ్వులు కాగులో పడ్డాయి.

రెండో రుచికి ముందు కఫీల్ నా చెవిలో సంతోషంగా చెప్పాడు. "ఇది బాగుంటే వీణ్ని ఎలా పంపుతాను? ఇలాంటి నాలుక, ఇలాంటి కాళ్లు ఇంకెక్కడ దొరుకుతాయి? బాగోలేకపోతే కార్ఖానా మూసి, ఖురూజ్ కొట్టి, మళ్లీ రానక్కర్లేకుండా ఇంటికి పంపేస్తాను."

పరుగున వెళ్లి భోజన్నకి చెప్పాను. "బాగోలేదని ఒక్క మాట అనవయ్యా. నీ పదకొండు చెట్లూ దక్కుతాయి."

భోజన్న గ్లాసు తీసుకున్నాడు. బొగ్గులాంటి నలుపు, మీద మీగడ రంగు నురగ. సాక పోశాడు. ఆరుగురూ పోశారు. ఒక గుక్క తాగాడు. కళ్లు మూశాడు. ఇంకో గుక్క. కాల్చిన జొన్నరొట్టె అంచు, నిమ్మతొక్క, వానకు తడిసిన గడ్డి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయని నాకు తర్వాత చెప్పాడు. నేను బల్లకింద అతని కాలు తొక్కుతూనే ఉన్నాను.

"మంచిగున్నది" అన్నాడు. "తొక్కకు సార్. మంచిదాన్ని మంచిగ లేదంటే రేపు నేను ఏ చెట్టు ఎక్కుత?"

నేను తర్జుమా చేసేలోపే అతని ముఖం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. కఫీల్ అతణ్ని కౌగిలించుకుని "మాఫీ ఛుట్టీ" అన్నాడు, అంటే సెలవు లేదని. భోజన్న ముఖం చూడలేక కఫీల్ నాకూ పంపిన ఆ ఖతీఫ్ ఫొటోని నేను అతని భార్య దేవవ్వకి పంపాను. కనీసం భర్త క్షేమంగా ఉన్నాడని తెలుస్తుందని.

దేవవ్వ ఆ ఫోన్ పట్టుకుని నేరుగా సంఘం మీటింగుకి వెళ్లింది. సంఘం పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఇది తాటిచెట్టు గాదు గదనే?"

"మోకున్నదా లేదా? ఎక్కిండా లేదా? తెచ్చింది తాగిన్రా లేదా?" అని దేవవ్వ నిలదీసింది. "కట్టుబాటుల చెట్టు పేరు రాసున్నదా మామా?"

రాసి లేదు. రెండు పూటలు వాదించుకుని సంఘం తీర్మానం పంపింది. భోజన్న వంతు పదిలం. ఖతీఫ్ స్తంభం అతని పన్నెండో చెట్టు. కాకపోతే సంఘం చెట్టు బయటివాడి జాగాలో ఉండరాదు కనుక, ఆ జాగా యజమాని అబూ తుర్కీ కూడా సభ్యుడిగా చేరాలి, ఐదేళ్లలోగా సొంత మోకుతో ఎక్కాలి.

భయపడుతూనే అరబ్బీలోకి మార్చి చదివాను. కఫీల్ పొంగిపోయాడు. ఇంతవరకు ఏ సంఘమూ ఆయన్ని పిలవలేదట. వెంటనే భోజన్న మోకు తెప్పించి నడుముకు చుట్టుకున్నాడు. అది బొజ్జలో సగందాకా కూడా రాలేదు.

"ఇంకోటి కొను."

"ఈడ దొరకది సార్. మా ఊళ్లనే పేనాలె. దగ్గరుండి పేనియ్యాలె."

కఫీల్ ఒక్క క్షణం ఆలోచించి నావైపు తిరిగాడు. "వీడు ఊరెళ్లి తిరిగొచ్చేలా ఎగ్జిట్ రీఎంట్రీ వీసా టైపు చెయ్యి. రెండు నెలలు."

కారణం అన్న గడిలో 'యజమాని నడుము' అని కొట్టాను. పార్సిళ్లకు వేసే టేపుతో భోజన్న ఆయన చుట్టుకొలత తీస్తూ తెలుగులో మెల్లగా అడిగాడు.

"సార్, ఈయన నిజంగ ఎక్కుతడా?"

"ఐదేళ్లు టైముందిలే భోజన్నా" అన్నాను.