రోములో నా తెల్లచీర

చరిత్రలో రోము మీదికి చాలామంది దండెత్తి వెళ్ళారట. కత్తి లేకుండా, గుర్రం లేకుండా, ఒక్క పూటలో అక్కడొక వీధిని అల్లకల్లోలం చేసి వచ్చింది మాత్రం నేనే. నవ్వండి, కాదనను. కాకపోతే పూర్తిగా చదివి నవ్వండి.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఒక వేసవిలో గుంటూరు వెళ్తూ, దారిలో రోములో ఒకరోజు ఆగుదామన్నారు మావారు. ఎగిరి గంతేశాను. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అమ్మ ఇంట్లో కూర్చోబెట్టి బైబిలుతోనే అక్షరాలు నేర్పింది. అందులో పౌలు భక్తుడు సంఘాలకు రాసిన ఉత్తరాలు, పౌలు పత్రికలే నా వాచకాలు. ఆయన్ని బంధించారని చెప్పే చెరసాల ఆ ఊళ్ళోనే ఉంది. దాన్ని చూపించే టూరు బస్సు పొద్దున ఒక్కటే. సాయంత్రానికి మా విమానం.

అలాంటి చోటికి చర్చికి కట్టే తెల్లచీరతోనే వెళ్ళాలని, దాన్నే కట్టుకుని బయల్దేరాను. విమానంలో కాఫీ ఒలికింది. హోటల్లో దిగగానే చీర ఉతికి, మా గది రెండు కిటికీల బయటి కమ్మీలకు చెరో చివర కట్టి ఎండకు వదిలాను. ఇట్టే ఆరుతుందని నా ఆశ.

"సుగుణా, బస్ టైమైంది! ఉన్నదేదో కట్టుకుని రా!" అని మావారు కేకేశారు. పూలచీర చుట్టుకుని పరుగెత్తాను.

గుమ్మంలో నిలబడ్డాం. బస్సు వచ్చింది. ఊరేగింపు ఏనుగులా ఊగుతూ మా ముందునుంచే వెళ్ళిపోయింది.

"ఏమండీ, అది మనదేనా?"

"మనదే. ముందుకెళ్ళి టర్న్ చేసుకుని వస్తాడులే."

టర్న్ చేసుకుని వచ్చాడు. పెళ్ళింటి ముందు తన చెప్పులు వెతుక్కునేవాడిలా వీధంతా వెతుక్కుంటూ మళ్ళీ దాటిపోయాడు. మావారు చేతులూపుతూ వెంటపడ్డారు. షూ లేసులు ఊడి, రొప్పుతూ వెనక్కి వచ్చి, "వాడివి కళ్ళా, గాజు గోళీలా?" అన్నారు.

"కోప్పడకండి. ప్రార్థన చేస్తాను" అని కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఆ డ్రైవరు కళ్ళు తెరువు. మా హోటలు వాడికి కనబరచు."

నేను ఆమెన్ అనేలోగా మావారు లోపలికెళ్ళి టూరువాళ్ళకు ఫోన్ చేశారు. "ఈ వీధిలో అలాంటి హోటలే లేదట!" అని అక్కణ్ణుంచే అరిచారు.

ఆ మాటకు హోటలు యజమాని, డెబ్భై దాటిన ముసలాయన, కుర్చీలోంచి లేచాడు. "హోటల్ లేదా? మా తాత కట్టింది! మరి నేనెక్కడ కూర్చున్నాను, గాలిలోనా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో గర్జిస్తూ వీధిలోకి దూకి తలెత్తాడు. అంతే, గర్జన ఆగిపోయింది. వేలు మాత్రం పైకి లేచింది.

మేమూ తలెత్తాం. గుమ్మం పైన హోటలు పేరు కనబడాల్సిన చోట, బోర్డు ఈ చివరినుంచి ఆ చివరికి, నా తెల్లచీర రెపరెపలాడుతోంది.

మావారు నెమ్మదిగా నావైపు తిరిగారు. "సుగుణా, డ్రైవరు కళ్ళు బానే ఉన్నాయి. దేవుణ్ణి ఇబ్బంది పెట్టకు. వెళ్ళి ఆ చీర తియ్యి."

తీశాను. బస్సు మాత్రం ఇక రాదన్నారు. అంతదూరం వచ్చి పౌలు గడప తొక్కకుండా పోతున్నానని మెట్ల మీద కూర్చుని చంటిపిల్లలా ఏడ్చాను. ముసలాయన చూడలేకపోయాడు. "ఏడవకమ్మా, నేను తీసుకెళ్తాను" అని తన కారు తీశాడు. అగ్గిపెట్టెంత కారు. మావారి మోకాళ్ళు గడ్డానికి ఆనాయి.

చెరసాలలోకి దిగి ఆ చల్లటి గోడ మీద చెయ్యి పెట్టాను. అమ్మను తలుచుకుని, మమ్మల్ని దాటిపోయిన డ్రైవరును కూడా కలుపుకుని స్తోత్రం చెప్పుకున్నాను. పక్కన ముసలాయన టోపీ తీసి, "పుట్టింది ఈ ఊళ్ళోనే. లోపలికి రావడం ఇదే మొదలు" అన్నాడు.

అరోరా తిరిగొచ్చాక ప్రార్థన కూడికలో, ప్రయాణంలో దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచేలోగా మావారు లేచారు.

"రోములో ఆడవాళ్ళు చర్చికెళ్తూ తలకు ముసుగు వేసుకుంటారండీ. మా ఆవిడకు భక్తి ఇంకాస్త ఎక్కువ. హోటలుకే వేసింది."

పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం వెనక దాక్కున్నారు.

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం గనుక, అక్కడే నిలబడి తీర్మానం మాత్రం చేశాను: ఈ భూమ్మీద ఏ రాజధానికి వెళ్ళినా, తడిచీర కట్టుకుని తుమ్ముతూనైనా తిరుగుతాను గాని, కిటికీలో ఆరేయను. ఆమెన్.