తలుపుకు కట్టిన తడిగోనె

మా లైన్లో, అంటే గని పనోళ్ల ఇండ్ల వరసలో, ఒక పద్ధతి ఉండేది. నైట్ షిఫ్ట్ చేసి గనిలోనుంచి పైకొచ్చిన మగోడు ఇంట్లో పడుకోనుంటే, ఆ ఇంటి ఆడమనిషి తలుపుకు తడిపిన గోనెపట్ట కట్టల్ల. అది కనపడితే ఆ వాకిట్లో ఎవురూ రాగులు విసరకూడదు, పిల్లోళ్లు గోలీలు ఆడకూడదు. కొట్లాట వస్తే నాలుగిండ్ల అవతలికి పోయి కొట్లాడుకోని మళ్లా వచ్చేవాళ్లం. ఎవురూ రాసిపెట్టిన రూలు కాదు. చిత్తూరు పక్కనుంచి వచ్చినోళ్లమూ, తమిళోళ్లూ, అందరమూ పాటించినాము.

మా ఇంటాయన పడుకుంటే ఆ గోనె ఎండిపోకుండా చూసుకుంటా నేను గడపలో కూర్చునేదాన్ని. కింద లోతుల్లో పొయ్యిలో నిలబడినట్ల ఉంటాదని, పైనుంచి చల్లగాలి పంపకపోతే మనిషి నిలవలేడని ఆయన చెప్పేవాడు. "మీకేమమ్మా, పైన ఊటీలో ఉండారు" అని నవ్వేవాడు. గని మూసినారు. కొన్నేండ్లకు ఆయనా పోయినాడు. గోనె మడిచి మంచం కింద పెట్టినాను. ఏదైనా సరే, పారేసే మనిషిని కాదు నేను.

ఇప్పుడు పైనే పొయ్యి అయింది. మావి మట్టిగోడలు, పైన రేకులు. ఇంటి వెనక పక్క సైనైడ్ దిబ్బ ఉండాది. గనిలోనుంచి తెచ్చిన రాయిని పొడి చేసి, బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది. కొండంత పోసిపెట్టి పోయినారు. గాలి లేస్తే ఆ దుమ్ము తెల్లగా వచ్చి అన్నంలో పడతాది. ముద్ద నోట్లో పెట్టుకుంటే పండ్ల కింద కరకరమంటాది. అందుకని దిబ్బ పక్క కిటికీలన్నిటికీ రేకు కొట్టి మూసేసినాము. లైను మొత్తం అంతే. కొత్తకోడలు వస్తే ఫస్టు నేర్చుకునేది ఆ రేకు సందుల్లో పాతగుడ్డ కుక్కేది.

చిన్నప్పటినుంచి నా దగ్గరే పెరిగిన మనవరాలికి బెంగళూరు రోడ్డులో ఉండే నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. నైట్ షిఫ్ట్ వారాల్లో కంపెనీ బస్సు దాన్ని తెల్లారినాక దింపతాది. రెండు ముద్దలు తిని పడుకుంటాది. ఎండ ఎక్కేలోపల రేకు కాగి, లేచి కూర్చుంటాది. తడి తువ్వాలు మొగానికి వేసుకోని నేలమీద పొర్లతాది. మంచం కిందనుంచి మా ఇంటాయన గోనె తీసి తలుపుకు కట్టినాను. పనికి రాలేదు. వాకిట్లో గోనె తడిగానే ఉండాది, లోపల మాత్రం ఉడుకు.

"అవ్వా, ఇడ్లీ పాత్రలో పెట్టి మూతేసినట్ల ఉండాది" అనింది.

"మీ తాత ఈ ఇంట్లోనే నిద్రపోయినాడు."

"తాత కాలం ఎండ వేరే. మిషన్ ముందర తూగితే చెయ్యి పోతాదవ్వా. ఫ్యాక్టరీ పక్కనే ఆడపిల్లోళ్ల హాస్టల్ ఉండాదంట. పోతా."

"పో. ఎవురు పట్టుకోనుండారు నిన్ను?" అన్నాను.

నా నోరు అట్లాంటిది. అనేసి పోయి, దానికి ఇష్టమని ఉలవసారు పెట్టినాను. ఇంట్లో పగలు ఒక మనిషి నిద్రపోయేంత చల్లదనం దొరికితే పిల్ల నా దగ్గర ఉంటాది, దొరక్కపోతే పోతాది. ఆ వేసవంతా నా తలకాయలో ఇంకో మాట లేదు.

అప్పుడే మున్సిపాలిటీ వాళ్లు మా వార్డులో మీటింగ్ పెట్టినారు. ఎండలు జాస్తి అయితా ఉండాయి, వానలు వేళ తప్పతా ఉండాయి, దానికి ఊరు ఏం చేయల్లో ప్లాను రాసుకోవల్లంట. ఎట్ల రాయల్లో, రాసింది ఎట్ల చేయల్లో వాళ్లకు సాయం చేసేదానికి బెంగళూరునుంచి ఒక పిల్ల వచ్చింది. చెప్పులు బాగా అరిగుండాయి. కన్నడం కలిపి తెలుగు మాట్లాడతాది. ఆఫీసోళ్లు మేడమ్ అంటారు, నేను పాపా అన్నాను.

ఒకాయన లేచి మా సర్కిల్లో పెద్ద లైటు స్తంభం కావల్ల అన్నాడు.

"దానివల్ల ఎండ తగ్గుతుందా అన్నా?" అని ఆ పిల్ల అడిగింది.

"ఎండ తగ్గదు మేడమ్, కౌన్సిలర్ పేరు దూరానికి కనపడతాది" అని వెనకనుంచి ఎవురో అంటే అందరూ నవ్వినారు.

"మీ ఇండ్లల్లో ఏ గది ఎక్కువ వేడిగా ఉంటుంది?" అనింది మళ్లా.

"గదులా?" అన్నాను. "ఉండేదే ఒకటి. అదే వంటిల్లు, అదే హాలు, అదే పడకా. మధ్యాన్నం బయటికి పోవద్దు, ఇంట్లో ఉండమని మీరు పంచిన కాయితంలో రాసినారు కదా, వచ్చి సొల్పసేపు ఆడ కూర్చో పాపా."

మాటకు కోపం తెచ్చుకోలేదు. మరుసటి రోజే వచ్చింది. రేకు కింద వేడి చూసే మీటరు పట్టుకోని నిలబడింది. నేలమీద మనవరాలు అటు తిరిగి పడుకోనుండాది, నిద్ర లేదు. బెంగళూరు పిల్ల మూసిన కిటికీని వేలితో కొట్టి చూసింది.

"ఇదెందుకు మూసినారు?"

"దిబ్బ" అన్నాను.

బయటికి పోయి లైను పొడుగునా చూసి వచ్చింది. "గాలి వచ్చే దారి అందరూ మూసేసినారు అవ్వా. తలుపుకు గోనె ఎంత తడిపినా, గాలి ఒక పక్క వచ్చి ఒక పక్క పోకపోతే ఏం లాభం?"

"గాలొస్తే దుమ్మొస్తాది."

"ఇంకో గోనె కిటికీకి కట్టండి. దుమ్ము తడికి అతుక్కుంటుంది, గాలి లోపలికి వస్తుంది."

"నీళ్లు మీ నాయన పోస్తాడా?"

"గిన్నెలు కడిగిన నీళ్లు?"

"అవి కరివేపాకు చెట్టుకు."

"చెట్టుకు సగం, గోనెకు సగం" అనింది.

బేరం తెలిసిన పిల్ల. నాకు నచ్చింది.

మా వార్డు ప్లానులో రేకులకు తెల్లసున్నం, కిటికీలు తెరిచేది, దిబ్బ మీద గడ్డీ మొక్కలూ పెంచేది, మూడూ రాసినారు. ఇంజినీరు సున్నం ఒకటి చాలన్నాడు. దిబ్బ మున్సిపాలిటీది కాదు, దానికి వేరే ఆఫీసులు ఒప్పుకోవల్ల. "ముందు ఏది, తర్వాత ఏది అని రాయండి సార్. రాయకపోతే అడిగేవాళ్లుండరు" అని ఆ పిల్ల పట్టుపట్టింది. ఆఫీసుకూ మా లైనుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో.

అయితే గవర్నమెంటు పని గవర్నమెంటు నడకే నడుస్తాది. సాంక్షన్ అన్నారు, టెండర్ అన్నారు. మనవరాలు బ్యాగు సర్దుకునింది. సున్నం కొడతారంట, సొల్ప ఓర్చుకో అని నోటిదాకా వచ్చింది. ఎప్పుడవ్వా అంటే ఏం చెప్పేది? చింతకాయ తొక్కు కట్టిచ్చి, డబ్బా వెనక్కి తీసుకరమ్మని చెప్పినాను. డబ్బా కోసమన్నా వస్తాదని.

వానలు పోయి చలి పోయినాక సున్నం వచ్చింది. వార్డు పిల్లోళ్లు పైకెక్కినారు. "మేకులుండే చోట తొక్కండ్రా, నడిమధ్య తొక్కితే నా నెత్తిన పడతారు" అని కిందనుంచి అరస్తానే ఉన్నాను. కిటికీ రేకు నేనే ఊడదీసినాను. దాని వెనక గట్టుమీద గుండ్రంగా ఒక మరక. మా ఇంటాయన టీ గ్లాసు పెట్టే జాగా. షిఫ్టుకు పోయే ముందర ఆడ నిలబడి తాగేవాడు. ఇన్నేండ్లూ ఆ మరక రేకు వెనకాల ఉండిందని నాకు తెలీదు. తడిగుడ్డ చేతిలోనే ఉండాది, తుడవలేదు.

కిటికీకి ఒక గోనె, తలుపుకు ఒక గోనె కట్టినాను. గాలి తడి వాసనతో లోపలికి వచ్చింది. కొలిమి మాదిరి లేదు. పగలు పడుకునే అలవాటు లేని దాన్ని, చాప వేసుకోని పడుకోని చూసినాను. నిద్ర పట్టలేదు. చల్లగానే ఉండాది. ఎవురికి చల్లగా ఉండల్లనుకున్నానో ఆ మనిషి నరసాపురంలో ఉండాది.

ఫోన్ చేసి చెప్పినాను. "ఆదివారం లీవు అవ్వా, వస్తా" అనింది. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చింది. డబ్బా తేలేదు. తిడదామనుకుంటే అప్పటికే చాప మీద పడి నిద్రపోయింది.

ఎండ నెత్తికి వచ్చినాక, ఆదివారమని కూడా చూడకుండా, ఇంజినీరూ, బెంగళూరు పిల్లా, ఇంకో ఇద్దరూ వచ్చినారు. సున్నం కొట్టినాక ఇంట్లో ఎంత వేడి తగ్గిందో చూసి రాసుకోవల్లంట. నేను గడపకు అడ్డం కూర్చున్నాను.

"లోపల నైట్ షిఫ్ట్ మనిషి పడుకోనుండాది. సాయంత్రం రాండప్పా."

"ఐదు నిమిషాల పనమ్మా."

"నీకు ఐదు నిమిషాలు. దానికి వారం నిద్ర."

ఆ పిల్ల గోనె సందులోనుంచి తొంగిచూసింది. పుస్తకంలో ఏదో రాసుకోని, చెప్పులు చేతపట్టుకోని, ఆఫీసోళ్లను ముందర తోసుకుంటా పోయింది.

మధ్యాన్నం దాటినాక మనవరాలు లేచింది. చెంప మీద చాప అచ్చు పడుండాది. "చల్లగా ఉండాదవ్వా" అనింది.

"అయితే వచ్చేస్తావా?" అన్నాను. అట్ల నేను ఎవురినీ అడిగి ఎరగను. మా ఇంటాయన్ను కూడా.

అది జడ వేసుకునింది. "ఆడ పక్కమంచం పిల్లోళ్లతో బాగుండాదవ్వా. బస్సు ప్రయాణమూ లేదు. లీవు దొరికినప్పుడంతా వస్తాలే." సాయంత్రం బస్సెక్కింది. ఈసారి నేను పో అనలేదు, ఉండు అనలేదు.

దిబ్బ మీద ఒక మూల గడ్డి వేసినారు. వానకు ఇంత పచ్చగా వచ్చి, ఎండకు మళ్లా పసుపైపోయింది. బెంగళూరు పిల్ల అప్పుడప్పుడూ ఫోన్ చేసి గడ్డి వేళ్లు చావవు అవ్వా అంటాది. చూస్తాము.

సోమవారం పొద్దున గిన్నెలు కడిగిన నీళ్లు సగం చెట్టుకు పోసినాను. మిగతా సగం చేతిలో పట్టుకోని నిలబడినాను. ఇంట్లో ఎవురూ లేరు, దండగ. అయినా పోయి రెండు గోనెలూ తడిపినాను. పక్కింటి కోడలు టీవీ గట్టిగా పెట్టుకోనుండాది. మా తలుపు చూసి గబుక్కున తగ్గించి, వాకిట్లోకి వచ్చింది.

"మనవరాలు వచ్చిందా అత్తా? పడుకోనుండాదా?" అని గుసగుసగా అడిగింది.

"లేదు" అన్నాను. "టీవీ మాత్రం అట్ల తగ్గించే ఉండనీ."