మామ వేళ్లు ఆగిన చోటు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. పెళ్లయ్యాక సంతకానికి తప్ప పెన్ను పట్టలేదు కాబట్టి రాత కూడా కోడి కెలికినట్టే ఉంటుంది. అయినా ఈ వార్త మీకు ఎవరో ఒకరు చెప్పాలి. ముదిగుబ్బ చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలకు హార్మోనియం వాయించిన మా మామ, అంటే మా ఆయన తండ్రి, పోయిన నెలలో చనిపోయారు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు నాకు అందించి, అరుగు మీద అలాగే ఒరిగిపోయారు. ఆయన వాయిస్తే మీలో కొందరు వేషం కట్టి పాడారు, కొందరు తెల్లవార్లూ కూర్చుని విన్నారు. అందుకే మీకు రాస్తున్నాను.

కొత్త కోడలిగా నేను తలుపు చాటునే నిలబడేదాన్ని. మామే పిలిచేవారు. "అమ్మణ్ణీ, సుతి బాగుండాదా చెప్పు. నా చెవి ముదిరిపోయినాది, నీది లేతది." శ్రుతి అంటే ఏమిటో నాకు తెలియదు. తల ఊపేదాన్ని. "కోడలు ఒప్పుకున్యాది. ఇంక ఎవురు కాదన్నా లెక్కల్యా" అని నవ్వేవారు. పాడే ముందు చిన్న బెల్లం ముక్కతో మిరియాలు నమలడం ఆయన అలవాటు. బెల్లంలో సగం విరిచి నాకిచ్చేవారు. ఆ ఇంట్లో అడగకుండా నాకు ఏదైనా పెట్టింది ఆయన ఒక్కరే.

నాటకాలు తగ్గాయి. వానల్లేక చేనూ ఎండింది. హార్మోనియం అటకెక్కింది. మా ఆయన బస్టాండు సందులో రికార్డింగు గది పెట్టి, బెంగళూరు నుంచి పాత కీబోర్డు, ఒక కంప్యూటరు తెచ్చారు. పండుగలకు భక్తి పాటలు, ఎలక్షన్లకు జీపుల్లో వేసే పాటలు అక్కడ తయారయ్యేవి. ముందు ఉత్త వాద్యం రికార్డు చేసి, తర్వాత దాని మీద వేరేవాళ్ల గొంతు ఎక్కిస్తారు. దానికి రాగాలు తెలిసిన చెయ్యి కావాలి. కూలి అడగని చెయ్యి ఇంట్లోనే ఉంది.

కీబోర్డుకు ఇయర్‌ఫోను పెట్టే చోట వైరు ఒక కొస, కంప్యూటరు వెనక నీలం రంగు రంధ్రంలో రెండో కొస. ఆ గది ఊడ్చేది నేనే కాబట్టి నాకు తెలుసు. దాని పక్కనే గులాబీ రంగు రంధ్రం. అది మైకుది. వైరు గుచ్చగానే కీబోర్డు బయటికి మూగదైపోతుంది, శబ్దమంతా లోపలికే పోతుంది. వచ్చిన ప్రతివాళ్లకూ మా ఆయన గొప్పగా చెప్పేవారు. "మైకు పెడితే ఫ్యాను సప్పుడు, కుక్కలు, బస్సు హారన్లు అన్నీ వస్తాయన్నా. వైరయితే వాయించింది తప్ప ఇంగేదీ లోపలికి పోదు."

కంప్యూటరు నుంచి వచ్చే ఇయర్‌ఫోన్లు మామ చెవులకు తగిలించేవారు. మామ కుడి చెయ్యి కీబోర్డు మెట్ల మీద ఆడుతుంటే, ఎడమ చెయ్యి దాని వెనక హార్మోనియానికి ఉండే గాలి తిత్తి కోసం వెతుక్కుంటూ ఊగేది.

"ఈడ గాలి కొట్టే పని ల్యా నాయనా, ఆ చెయ్యి గమ్మునుండనీ."

"నువ్వు పుట్టకముందు నుంచి కొడతాండాది రా అది. నువ్వు చెప్తే ఆగుతాదా?"

నోరు మూసుకుని వాయించడం కూడా ఆయనకు చేతకాలేదు. "పద్యం ముందర పోవల్ల, పెట్టె దాని వెనకాల రావల్ల. పెట్టె ముందర పోతే అది పద్యం కాదు, పెండ్లి మేళం" అనేవారు. పెట్టె అంటే ఆయన భాషలో హార్మోనియం.

నాకు ఏడో నెల. క్యారియరు తీసుకుని గదికి వెళ్లాను. అప్పటికే దగ్గుతో మామ గొంతు జీరపోతోంది. "ఈ పొద్దు గట్టిగా ఎత్తుకుంటా రా. అమ్మణ్ణి కడుపులో బిడ్డ పెద్దయినాక నా గొంతు వినల్ల" అన్నారు. "పాడు నాయనా, ఎవురొద్దన్యారు? పాడితేనే నీ చెయ్యి బాగా ఆడతాది" అన్నారు మా ఆయన.

మామ పాడారు. గదిలో నాకు రాగం వినబడలేదు, మెట్లు టకటకమనే చప్పుడూ ఆయన గొంతూ మాత్రమే వినబడ్డాయి. పద్యం నడుమ ఒక చోట వేళ్లు ఎత్తేసి, ఒక్క గొంతుతోనే రాగం సాగదీశారు. దగ్గు వస్తుందేమోనని నేను కొంగు బిగించి పట్టుకున్నాను. రాలేదు. మెల్లగా దిగి మళ్లీ మెట్లను అందుకున్నారు.

ఇయర్‌ఫోన్లు తీసి, "పడిందా?" అని అడిగారు.

"పడింది నాయనా."

తడిసిన చేను చూసిన రైతు మొహం పెట్టారు మామ. చెవుల్లో రాగం, దాంతో పాటు తన గొంతు, రెండూ ఆయనకు వినబడుతున్నాయి కదా, నమ్మారు. నేనూ నమ్మాను. ఇంకేదీ లోపలికి పోదంటే, ఆ పోనివాటిలో మామ గొంతు కూడా ఉంటుందని నాకు తట్టలేదు. మా ఆయనకు తెలుసు. ఆ తర్వాత మామ చనిపోయేదాకా, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ, "నేను పోయినా నా గొంతు కంప్యూటర్లో ఉంటాది" అని చెప్పుకున్నారు. మా ఆయన పక్కనే కూర్చుని విన్నారు.

మామ కర్మల్లో పెద్దదినం నాడు, మామతో ఊళ్లు తిరిగి కృష్ణుడి వేషం కట్టిన పెద్దాయన, "మీ నాయన పద్యం పెట్టప్పా, విందాం" అన్నారు. మా ఆయన దాటేయబోయారు. అందరూ పట్టుబట్టారు. పెట్టక తప్పలేదు. స్పీకర్లో ఉత్త కీబోర్డు మోగింది. కాసేపు విని పెద్దాయన లేచారు.

"ఏమప్పా, ఇది పెండ్లి మేళం కదా. మీ నాయన యాడ?"

"వైరులో గొంతు రాదు పెద్దాయనా."

"మైకు లేకపోయినాదా?"

"మైకు పెడితే ట్రాకు పాడయితాది."

పెద్దాయన విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయారు.

ఆ వారంలోనే నేను గది ఊడుస్తుంటే మా ఆయన అదే రాగం కంప్యూటర్లో పెట్టుకుని ఉన్నారు. ఎలక్షన్ పాటకు కావాలట. పాడే అతను మామ వేళ్లు ఆగిన చోట ప్రతిసారీ తొందరపడి ముందే ఎత్తుకుంటున్నాడట. తెర మీద ఎగుడు దిగుడు గీతల మధ్య ఆ చోటు చదునుగా, నీళ్లు లేని చెరువులా ఉంది. మా ఆయన దాని మీద నల్లగా గుర్తు పెట్టారు.

"దాన్ని తీయొద్దు. అట్లే ఉండనీండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఏముండాదే దాంట్లో? ఉత్త ఖాళీ."

"మామ ఉండారు."

నవ్వి, ఒక మీట నొక్కారు. అటు గీతలు, ఇటు గీతలు దగ్గరికొచ్చి అతుక్కున్నాయి.

ఇప్పుడు ఆ రాగం ఎక్కడా ఆగకుండా జీపుల మీద ఊళ్లు తిరుగుతోంది. మీ వీధిలోకీ వచ్చే ఉంటుంది.

నాకు పద్యం మాటలు రావు. పాపను ఊపుతూ రాగం మాత్రం మెల్లగా తీస్తాను. ఆ చోటికి రాగానే ఆగుతాను. మామ గొంతు నా చెవిలో సాగి, దిగేదాకా ఉండి, మళ్లీ అందుకుంటాను. అంతసేపూ పాప వేలు చప్పరించడం మాని, నోరు తెరిచి, నా మొహంలోకి చూస్తూ ఉంటుంది.

చదివాక దీన్ని పొయ్యిలో వేసేయండి. మా ఆయనకు తెలిస్తే, ఇంట్లో కూడా నన్ను ఆగనివ్వరు.