అత్తమ్మ వింటున్న సీరియల్‌ను నేను ఆపించిన వైనం

కొందరు వయసులో ప్రేమలో పడి చెడిపోతారు, కొందరు పేకాటలో పడి చెడిపోతారు. నేను అభిప్రాయాల్లో పడి చెడిపోయాను. అందులో ఒక అభిప్రాయం అచ్చు కూడా అయింది. దాంతో మా కొంప మునిగింది. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు నిక్షేపంగా నవ్వుకోవచ్చు. నేను మాత్రం నవ్వలేను.

యుద్ధం రోజులు. మాది వరంగల్ కొత్తవాడలో మగ్గాల ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ వండేది, నాన్న చెల్లెలు, అంటే నేను అత్తమ్మా అని పిలిచే మా మేనత్త, రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నేను నూలు దుకాణంలో గుమాస్తాగిరీ చేసుకుంటూ మిగతా సమయమంతా తెలివి ఒలకబోసేవాణ్ణి. ఉర్దూ బడిలో చదివి, తెలుగు సొంతంగా నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది. చిన్న మాటతో పనయ్యే చోట పెద్ద మాట వాడకపోతే అన్నం సయించదు.

మద్రాసు నుంచి వచ్చే వారపత్రిక ఒకటి స్టేషన్ దగ్గర దొరికేది. అందులో ఒక సీరియల్ నడుస్తుండేది. కొండ మీద జమీందారు దివాణం, మేడ మీద తాళం వేసిన గది, అందులోంచి అడుగుల చప్పుడు. ఆ ఇంటికి కొత్త కోడలు వస్తుంది. ప్రతి వారమూ ఆ అమ్మాయి మెట్లెక్కుతుంది, ఎవరో పిలుస్తారు, దిగిపోతుంది. ఇంత మాత్రం కథ కోసం అత్తమ్మ నాకు దుకాణం సెలవు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం కాగానే రాట్నం ముందు కూర్చుని, "సదువురా అల్లుడా" అని కేకేసేది.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. తెల్లారి లేస్తే రాట్నం, పొద్దు గూకేదాకా రాట్నం. ఎక్కడికీ పోయేది కాదు, ఎవరినీ ఏదీ అడిగేది కాదు. వారం మొత్తంలో ఆ ఒక్క గంట ఆమె సొంతం. నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే కాబట్టి, ఆ గంట నాకూ ఇష్టంగానే ఉండేది. ఇది పైకి ఒప్పుకునే ధైర్యం అప్పట్లో నాకు లేదు.

పక్కింటి ఎల్లవ్వ కూడా తన రాట్నం తెచ్చుకుని కూర్చునేది. చదవడం అయ్యాక అసలు రభస మొదలయ్యేది.

"గా అర్రల ఉన్నది దయ్యమే," అనేది ఎల్లవ్వ. "ఇసొంటియి నేను మస్తు ఇన్న."

"దయ్యమైతే తాళమెందుకే?" అనేది అత్తమ్మ. "తాళమేస్తె ఆగేది దయ్యమెట్లయితది? అండ్ల మనిషున్నది. ఆడిమనిషి."

ఇవేవీ వినడం లేదన్నట్టు నేస్తున్న నాన్న మగ్గం గుంటలోంచే తీర్పు చెప్పేవాడు. "లంకెబిందెలుంటయ్. కావలికి పామున్నది."

"పాముకు కాళ్లున్నయా అన్నా? అడుగుల సప్పుడని సదివిండు గదా!"

ఆ తరువాత నేను ఎన్నో సాహిత్య సభలకు వెళ్లాను. ఒక పుస్తకం గురించి ఇంత ప్రాణం పెట్టి కొట్లాడుకున్నవాళ్లు ఎక్కడా కనబడలేదు. అప్పుడు మాత్రం నాకు అదంతా నామోషీగా తోచేది.

ఒకరోజు ఆ పత్రిక చంకలో పెట్టుకుని హనుమకొండ గ్రంథాలయానికి వెళ్లి కార్యదర్శి విశ్వనాథం గారికి దొరికిపోయాను. ఆయన మద్రాసులో చదివినవాడు. ఆయన మెచ్చుకుంటే చాలు, ఆ రోజు నేను నేల మీద నడిచేవాణ్ణి కాను.

"ఏమిటయ్యా, నీవు కూడా ఈ దయ్యాల కథలు చదువుతున్నావా?"

"అబ్బే, నేను చదవనండీ. మా ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపిస్తానంతే."

"అది మరీ ఘోరం! డిటెక్టివులు, దయ్యాలు, మాంత్రికులు! ఈ చెత్తతో జాతి ఏం బాగుపడుతుంది? నీవంటి యువకుడు ఖండించవద్దూ?"

ఖండించాను. ఒక పండుగ సెలవు మొత్తం కూర్చుని ఖండించాను. "భూతప్రేతాది జుగుప్సావహ వృత్తాంతములచే ఆంధ్ర మహిళామణుల కోమల హృదయములు కలుషితములగుచున్నవి" అని మొదలుపెట్టి, ఈ సీరియల్ వెంటనే నిలిపివేయవలసిందని ముగించి, పత్రికకు పంపాను. ఆంధ్ర మహిళామణులలో నేను ఎరిగినవాళ్లు ఇద్దరే. ఆ సమయంలో ఒకరు కండెలు చుడుతూ, ఇంకొకరు వక్కాకు నములుతూ అదే కథ గురించి పోట్లాడుకుంటున్నారు.

కొన్ని వారాలకు నా ఉత్తరం పాఠకుల అభిప్రాయాల పేజీలో అచ్చయింది. స్టేషన్‌లోనే నిలబడి చదువుకుని, మళ్లీ చదువుకుని, గర్వంగా పేజీ తిప్పాను. సీరియల్‌లో కోడలు ఎట్టకేలకు తాళంచెవి సంపాదించింది, తాళంలో పెట్టింది, తిప్పింది. దాని కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "పాఠక మహాశయుల అభ్యంతరములను పురస్కరించుకొని ఈ కథ ఇంతటితో నిలుపుచేయడమైనది." మహాశయుల అని బహువచనం ఉంది కదా, ఇంకెవరైనా కూడా రాసి ఉంటారని ఈనాటికీ ఆశపడుతుంటాను.

ఆ మధ్యాహ్నం చదివాను. తాళంచెవి తిరిగే చోటికి వచ్చి ఆగాను. రాట్నాలు రెండూ ఆగాయి.

"ఊఁ?" అంది అత్తమ్మ.

"అంతే."

"మల్ల శుక్రారమా?"

"ఇక రాదట అత్తమ్మా."

"ఎందుకు రాదు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "యుద్ధం కదా. కాగితానికి కరువొచ్చిందట. అంతా ఆ జర్మనోళ్ల వల్ల."

"వాళ్ల చేతులిరగ! తలుపు తీసేదాకనన్న ఆగొద్దా?"

అప్పటిదాకా యుద్ధం ఉందన్న ఫికరే లేని అత్తమ్మ, ఆ రోజు నుంచి నేను దుకాణం నుంచి రాగానే "జర్మనోళ్లు ఓడిండ్రా?" అని అడిగేది. ఆమె ముఖం చూడలేక ముగింపు నేనే చెప్పబోయాను.

"ఆ గదిలో ఉన్నది మొదటి పెళ్లాం అనుకుంటాను అత్తమ్మా."

"నువ్వనుకుంటె నాకెందుకురా? రాసినాయన ఏమనుకున్నడో గది గావాలె."

ఇంతలో విశ్వనాథం గారు నన్ను సన్మానిస్తామని పిలవడానికి స్వయంగా మా ఇంటికి వచ్చారు. అత్తమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

"అమ్మా, మీ అల్లుడు సామాన్యుడు కాడు. దుష్ట సాహిత్యంపై కలం ఝళిపించాడు!"

"మావోడా? జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

నేను కళ్లతో ఎంత మొత్తుకున్నా, ఆ మహానుభావుడు దయతలచి సులభమైన తెలుగులోకి దిగాడు. "అదేనమ్మా, తాళం వేసిన గది కథ. దాన్ని ఆపమని రాసింది మీవాడే. వాళ్లు ఆపేశారు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ నా వంక చూసింది.

"అయితే జర్మనోళ్లు మనింట్లనే ఉన్నరన్నట్టు," అంది.

నాన్న పగలబడి నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. సన్మానానికి నేను వెళ్లలేదు.

ఆ తరువాత ఆమె నాకు అన్నం పెట్టింది, మాట్లాడింది, జ్వరమొస్తే తల పట్టింది. చదవమని మాత్రం పిలవలేదు. నేనే సిగ్గు విడిచి డిటెక్టివు కథ తెచ్చాను, మాంత్రికుడి కథ తెచ్చాను. "నిద్రొస్తాంది," అనేది, రాట్నం తిప్పుతూనే.

చాలా నెలలకు ఒక మధ్యాహ్నం తనే పిలిచింది. "కూసో. కథ చెప్త."

ప్రాణం లేచొచ్చి కూర్చున్నాను.

"నేను డోర్నకల్‌ల కాపురం జేసేటప్పటి ముచ్చట," అంది. నేను ఉలిక్కిపడ్డాను. పెళ్లయి డోర్నకల్ వెళ్లిన అత్తమ్మ ఏడాది తిరగకుండానే ఒంటరిగా వచ్చేసిందట. ఎందుకు వచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. నాన్నకు అడిగే ధైర్యం లేక, మా ఇంట్లో ఆ ఊరి పేరే ఎత్తేవాళ్లం కాదు.

"మీ మామ రైల్వేల డ్యూటీకి పోయిండు. నేను నీళ్లకు పోయి వచ్చేవరకు తలుపు లోపట్నుంచి గొళ్లెం పెట్టి ఉన్నది. ఇంట్ల ఎవ్వలు లేరు. తలుపు కొట్టిన. లోపట్నుంచి నన్ను పేరు వెట్టి పిలిచిండ్రు. గా గొంతు ఎవరిదో ఎర్కనా?"

నేను ముందుకు జరిగాను. "ఎవరిది అత్తమ్మా?"

ఆమె కండె తీసి గంపలో వేసి, చీర దులుపుకుని లేచింది.

"అత్తమ్మా! ఎవరిది?"

"ఎట్లున్నదిరా?"

"ఏది?"

"తెల్వకపోవుడు."

ఆమె ఇంకా చాలా ఏళ్లు బతికింది. నేను అడుగుతూనే ఉన్నాను, బతిమాలాను, ఒకసారి ఏడ్చాను కూడా. ఆమె కండెలు చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆ తలుపు వెనక ఏమి జరిగిందో, ఆ కాపురంలో ఆమె ఏమి పడిందో ఈ లోకంలో ఒక్కడికే చెప్పాలనుకుని ఉంటుంది. ఆ ఒక్కడూ నేనే. ఆ అదృష్టాన్ని ఒక ఉత్తరానికి అమ్ముకున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. దయ్యాల కథైనా, దొంగల కథైనా, మాంత్రికుల కథైనా ఇకమీదట చివరి పేజీ దాకా నోరు మూసుకుని వింటాను. ఎవరైనా అడిగితేనే అభిప్రాయం చెబుతాను. అడిగినా చెప్పను.