కొండ మీద పక్కా ఇల్లు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా నాన్న నన్ను కొయ్యూరు అవతల ఒక కొండ ఊరికి తీసుకువెళ్లాడు. మాది నర్సీపట్నంలో చర్చి వెనక వీధి. నాన్న తాపీమేస్త్రి. ఆ వేసవిలో అమ్మ పురిటికని యలమంచిలిలో మా అమ్మమ్మ దగ్గరకు వెళ్లింది. నన్ను ఒంటరిగా వదల్లేక నాన్న తనతో పనికి తీసుకుపోయాడు. కొండవాళ్లకు ప్రభుత్వం కట్టిస్తున్న పన్నెండు పక్కా ఇళ్లకు గోడలు లేపే పని అది.

మాకు బస ఇచ్చింది ఒక ముసలామె. ఊరంతా ఆమెను మామ్మ అనేవారు, మేమూ అలాగే పిలిచాం. కొడుకూ కోడలూ అడవి పనులకు పోతే, నా ఈడు మనవరాలు మామ్మతో ఉండేది. రెండు రోజుల్లోనే ఆ పిల్లా నేనూ ఒక కంచంలో తినేంత దగ్గరయ్యాం.

ఆ ఇంట్లోకి నాన్న నడుం వంచితేగానీ దూరలేకపోయేవాడు. రెల్లుగడ్డి కప్పు అంత కిందికి దిగి ఉండేది. మట్టిగోడలు మూరెడు మందం. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లగా ఉండేది. పొయ్యికి పైన కట్టిన అటక మీద విత్తనాల బుట్టలు ఉండేవి. పొగ తగిలితే విత్తనాలకు పురుగు పట్టదట, కప్పులో చెదలు చేరవట. నాకివేమీ తెలియవని మనవరాలు పడీపడీ నవ్వుతూ చెప్పింది.

మామ్మ రోజూ పని దగ్గరకు వచ్చి నిలబడేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"ఏటి మేస్త్రీ, పొయ్యెక్కడెట్టాల?"

"బయటెట్టుకో మామ్మా. లోపల పొగ కమ్మేస్తాది."

"మరి వానొస్తేనో? నా విత్తనాలేటైపోవాల?"

నాన్న మరో ఇటుక పేర్చాడు. ఆమె లోయవైపు చెయ్యి చూపించింది. "గాలి అక్కణ్ణించి పైకొస్తాది బాబూ. ఇంతెత్తు లేపితే ఊరుకోదు. కప్పు కిందకి దించు."

"ఆఫీసు కాయితంలో ఎలాగుంటే అలాగే కట్టాల మామ్మా. నా సేతిలో ఏటుంది? అయినా ఇది పక్కా ఇల్లు. నువ్వూ నీ మనవరాలూ సుఖంగా ఉంటారు."

నాన్న మంచివాడు. ఆ మాట మనసారా అన్నాడు. ఇన్నేళ్లయినా నన్ను బాధపెట్టేది అదే.

కొత్త ఇల్లు పాత ఇంటి స్థలంలోనే లేవాలి. మామ్మ ఇంటి వంతు చివరన వచ్చింది. పాత మట్టిగోడను నాన్నే గడ్డపారతో పడగొట్టాడు. తేలిగ్గా పడలేదది, పూటంతా పట్టింది. మామ్మ అటు చూడకుండా విత్తనాల బుట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొత్త ఇల్లు పూర్తయ్యాక మనవరాలు మాత్రం ఆ సిమెంటు గచ్చు మీద నాతో గెంతులు వేసింది.

ఆ ఏడు వానాకాలం చివర తుఫాను వచ్చింది. నర్సీపట్నంలో మా వీధిలో రెండు చెట్లు పడ్డాయి, అంతే. మూడోనాడు కొయ్యూరు నుంచి వచ్చిన ఒకాయన నాన్నను వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. లోయలోంచి లేచిన గాలికి కొత్త ఇళ్ల మీద కప్పిన సిమెంటు రేకులు ఎగిరిపోయాయట. మామ్మ ఇంటి రేకు మాత్రం విరిగి లోపలే పడిందట. మనవరాలి మీద. పిల్ల అక్కడికక్కడే పోయిందట.

నాన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. నేనూ వస్తానని ఏడిస్తే అమ్మ వద్దంది. "రానీ, సూడనీ," అన్నాడు నాన్న.

తిడతారనీ కొడతారనీ అనుకుంటూ వెళ్లాం. మామ్మ కొడుకు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మామ్మ రేకు ముక్కలు ఏరుతోంది. నాన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మామ్మ చేతిలోని రేకు ముక్క పక్కన పడేసింది.

"పారట్టుకురా. గోడ నువ్వే కదా పడగొట్టావు, నువ్వే ఎట్టాల," అంది.

కానీ మొదటిరోజు మట్టి ముట్టుకోనివ్వలేదు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో నాన్నను వెల్లకిలా పడుకోబెట్టి, గాలి ఎటునుంచి వస్తోందో చెప్పమంది. పొద్దున్న అడిగింది, మధ్యాహ్నం అడిగింది, పొద్దు వాలుతుండగా అడిగింది. మూడుసార్లూ మూడు జవాబులు వచ్చాయి. "ఇల్లు కట్టీవోడికి ముందిది తెలవాల," అంది. పేరున్న మేస్త్రి మా నాన్న ఆ నేలమీద పడుకునే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు.

వానలు వెలిశాక మట్టిగోడ మొదలైంది. రోజుకు జానెడు ఎత్తు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ జానెడు. తేమ పైకి పాకకుండా అడుగున ఇటుకలు పేరుద్దామా అని నాన్న భయపడుతూ అడిగాడు. మామ్మ ఆలోచించి, "అది బాగుంటాది," అంది. ఆ ఇంట్లో నాన్న సొంత తెలివి అదొక్కటే. గడ్డి కలిపి మట్టి తొక్కే పని నాది. ఒకరోజు మామ్మ కోడలు, ఆ పిల్ల తల్లి, వచ్చి నా పక్కన నిలబడి తొక్కింది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తరవాత ఎక్కడ పని ఒప్పుకున్నా, ఈ ఇంట్లో వంట చేసేదెవరు, ఆమెను పిలవండి అనేవాడు నాన్న. కొందరు నవ్వారు, కొందరు వేరే మేస్త్రిని చూసుకున్నారు. మామ్మ తనను క్షమించిందని ఆయన చివరిదాకా నమ్మలేదు. నాకూ తెలియదు. ఆమెకు ఇల్లు కావాలి, గోడ పెట్టగలవాడు ఎదురుగా ఉన్నాడు. అంతే కావచ్చు.

ఎవరికైనా మంచి చేయబోయే ముందు నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ఆ భయాన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. అది ఉన్నందుకే ఆగి, వాళ్లను అడుగుతాను. వాళ్లు చెప్పింది నాకు నచ్చకపోతే మళ్లీ అడుగుతాను. మొన్న నాకు అరవై నిండాయి. ఆ పిల్లకూ నిండి ఉండేవి.